మైనంలో మామ్మ పాట

అప్పటికి నాకు అక్షరాలు రావు. అరవయ్యో ఏట, నిరుడే నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పెళ్లికని నెల్లూరు నుంచి విశాఖపట్నం వెళ్లాను. వన్ టౌన్ సందులో, పాత రేడియోలు బాగుచేసే ముసలాయన కొట్టు ముందు నీడకు నిలబడ్డాను. బల్ల మీద డబ్బాలో గోధుమరంగు గొట్టం ఉంది.

“ఇదేందన్నా?”

“మైనం గొట్టం సెల్లీ. రికార్డు పళ్లేలు రాకముందు పాటలు దీన్లోనే పట్టీవోరు. మా మామ్మ దంపుడు పాటుంది. ముల్లు తిరిగినప్పుడల్లా మైనం అరిగిపోద్ది. అందుకే ఏడాదికి ఒక్కపాలే ఏత్తాను.”

“ఫోన్లో పట్టుకోలేదా?”

“గరగరే వచ్చింది, మాటలు తెలీనేదు. నువ్వు ఇని రాసిపెడతావేటి?”

“రాయడం రాదన్నా. వడ్లు దంచుతూ పెరిగినదాన్ని, వింటే పట్టేస్తాను.”

“సదూకున్నోళ్లవల్లే అవనేదు!” అని నవ్వుతూనే గొట్టాన్ని బూర ఉన్న పాత యంత్రానికి తొడిగి తిప్పాడు.

గరగర వెనక సన్నని గొంతు వినిపించింది. రోకటి పోటుకీ పోటుకీ మధ్య మాట ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. అక్కడే చెవి పెట్టాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి పాటంతా పాడాను. ఆయన కళ్లు తుడుచుకుని మళ్లీ పాడమన్నాడు. అరిగిపోతుందన్న భయం లేకుండా నాలుగుసార్లు పాడించుకున్నాడు.