అసలు డాక్టరు
మద్రాసులో వైద్యం చదివి, ఓడెక్కి దొరలు ఫ్రెంచి మాట్లాడే ఈ దీవికి వచ్చి, ఫ్లాక్ ఊరి దగ్గర చెరకు ఎస్టేటు ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా రోగులను చూస్తున్నాను. పెద్ద డాక్టరు వెళ్లిపోయాక ఆ పని నాకిస్తారనుకున్నాను. ఈ ఉదయం కొత్త దొర డాక్టరు ఒకడు ఓడ దిగి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వు నాకు దుబాసీగా ఉంటే చాలు" అన్నాడు. పక్కన నిలబడ్డాను.

మొదటి రోగి అప్పలమ్మ. నిరుడు చలిజ్వరంతో పోతుందనుకున్న మనిషిని నేనే దగ్గరుండి బతికించాను. ఇవాళ నాడి చూడబోతే చెయ్యి లాక్కుంది.

"నువ్వొద్దు బాబూ, ఆ దొరనే సూడమను. ఆయనే అసలు డాట్రంట గదా!"

ఆ మాట ఫ్రెంచిలో చెప్పాను. దొర సంతోషంగా నవ్వాడు.

అప్పలమ్మ మీద నాకు కోపం రాలేదు. ఒక్క క్షణం ఆమె మాట నిజమేననిపించింది. మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా?