పోతులయ్య వేళ్ల బూడిద

పోతులయ్య వేళ్లకు ఒకప్పుడు పేరుండేది. ధర్మవరంలో ఏ మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయినా, పాత పోగులకు కొత్తవి అతకడానికి ఆయన్నే పిలిచేవారు. పోగు జారకుండా వేళ్లు బూడిదలో అద్ది ఒక్కో పోగునూ మెలిపెట్టేవాడు. నాలుగు వేల పోగుల్లో ఒక్కటీ ఊడేది కాదు. మరమగ్గాలొచ్చాక, ధర్మవరం పట్టు అని గొప్పలు పోయే మనలో ఒక్కడూ ఆ వేళ్లను పట్టించుకోలేదు. యాభై ఎనిమిదేళ్లకు పెనుకొండ దగ్గర ఒక కాలేజీ ల్యాబులో గాజు పలకలు కడగడానికి చేరాడు.

అక్కడ పరిగి అమ్మాయి మంజుల పరిశోధన చేస్తోంది. గాజు పలక మీది నీటిబొట్టులో కంటికి ఆనని ప్లాస్టిక్ పూసలు. లేజర్ వెలుతురు పడితే వాటంతటవే వరుసకడతాయి, ఆర్పితే చెదిరిపోతాయి. ఆర్పినా నిలవాలని ఆమె పంతం. నాలుగేళ్లు గడిచాయి, ఈ ఏడాదితో గడువు ఆఖరు.

మార్చిలో ఒకరోజు నిలిచాయి.

"మామా, ఆర్పేసినా అట్లే ఉండాయి!" అని మంజుల గంతులేసింది. మర్నాడూ నిలిచాయి. హిందూపురంలో జరిగే సభలో చెప్పడానికి పేరిచ్చింది, ల్యాబంతా లడ్డూలు పంచింది.

పోతులయ్య లడ్డూ తినకుండా పక్కన పెట్టాడు. ఆ వారమే పల్చటి పలకలొచ్చాయి. కడిగాక చేతిలోంచి జారుతుంటే, ముప్ఫై ఏళ్ల అలవాటుకొద్దీ జేబులోని డబ్బీ తీసి వేళ్లకు బూడిద అద్దుకుంటున్నాడు. వెంటనే చెప్పొచ్చుగా అంటారు మీరు. ఒడ్డున కూర్చుని ఎన్నయినా అంటాం. ఆయన మాత్రం రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగాడు.

"పాపా, నా యేళ్లకు బూడిద ఉండాది. దాంతోనే అతుక్కున్యాయేమో సూడు" అని చివరికి డబ్బీ బల్ల మీద పెట్టాడు.

మంజుల చిటికెడు బూడిద నీళ్లలో కలిపి పూసల్లో వేసింది. లేజర్ వేయనే లేదు. పూసలు ముద్దలుగా అతుక్కున్నాయి. కొత్త పలకను తనే కడిగి, బూడిద లేకుండా వెలుతురు వేసి ఆర్పింది. చెదిరిపోయాయి.

"నువ్వు చెప్పకుంటే బాగుండు మామా" అంది. ఏడ్చినా ఆయన ఓర్చుకునేవాడు, ఆమె ఏడవలేదు. ఫోన్ తీసి సభ జాబితాలోంచి తన పేరు తీసేయమంది.

తర్వాత మళ్లీ లేజర్ వేసి, "నువ్వెప్పుడూ సూడలేదు కదా, రా" అంది. పోతులయ్య మొదటిసారి మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

"పడుగు మాదిరే ఉండాది పాపా!"

మంజుల లేజర్ ఆర్పింది. వరుసలు తెగి ఎటువి అటు పోతుంటే, ఆయన చెయ్యి బూడిద కోసం జేబులోకి పోయింది. డబ్బీ ఆమె ముందుంది.