చారల కప్పు కత్‌బర్ట్

ఆకాశంలోంచి చూస్తే ఇంగ్లండ్ మొత్తంలో కంటికి ఆనేవి రెండే. ఒకటి సముద్రం. రెండోది మా తాత కత్‌బర్ట్ హెస్లాప్ పావురాల గూటి పైకప్పు.

హెల్లర్‌బీలో రైలింజన్ల షెడ్డు వెనక ఖాళీ జాగాలో, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు, పాత వ్యాగన్ల చెక్కలతో తాత ఆ గూడు కట్టాడు. అప్పుడతను ఇంజన్లలో బొగ్గు వేసేవాడు. షెడ్డు ఫోర్‌మన్ "కట్టుకో పో" అన్నాడు. అనుమతంటే అంతే. ఆ ఊరి పొగకి పెళ్ళికూతురి గౌను కూడా సాయంత్రానికి బూడిదరంగు తేలేది. ఫ్రాన్సులో వదిలిన పందెం పావురాలు తిరిగొచ్చి, మసిబారిన కప్పుల్లో తమదేదో తెలియక గిరికీలు కొడుతుంటే తాత చూడలేకపోయాడు. నిచ్చెనెక్కి కప్పు నిండా తెల్లటి పట్టీలు గీశాడు. ఏటా వసంతంలో మసి కడిగి మళ్ళీ గీసేవాడు. సొంత పెళ్ళిరోజు గుర్తుండని మనిషికి ఈ పని మాత్రం ఏనాడూ మరుపు రాలేదు.

నానమ్మ ఐవీ ఊరుకునే రకం కాదు.

"గూటికి చారల పైజమా తొడిగావా? వీధి తలుపుకి రంగెయ్యమంటే వినవు. తలుపైతే నలుగురూ చూస్తారు. కప్పెవడు చూస్తాడయ్యా?"

"చూడాల్సినవాళ్ళు చూస్తారులే."

తర్వాత షెడ్డు మూతపడింది. ఇంజన్లు తుక్కుకి పోయాయి. తాత ఉద్యోగమూ, జుట్టూ ఇంచుమించు ఒకేసారి పోయాయి. గూడు మాత్రం నిలబడింది.

పోయినేడు ఆ స్థలం కొన్న కంపెనీ తరఫున లింటన్ అనే ఆయన వచ్చాడు. గోదాములు కడతారట. షెడ్డు నడిచిన రోజుల్నించీ ఉన్నవాటిని ముట్టుకోరట, ఆ తర్వాత లేచినవి పీకేస్తారట.

"అప్పటిదేనని రుజువుందా, హెస్లాప్ గారూ?"

ఫోర్‌మన్ పోయి చాలాకాలమైంది. తాత ఏం చెబుతాడు? ఆ రాత్రి అన్నానికి కూర్చుని, ఇష్టమైన మాంసం కూరిన రొట్టె కూడా పక్కకు తోసేశాడు.

"ఇంకో గూడు కట్టుకుందాంలే," అంది నానమ్మ.

"కట్టుకుంటాం. ముసలి పక్షులకి ఎవరు చెబుతారు? కొత్త గూడు ఎక్కడ పెట్టినా పాత చోటికే వస్తాయి. లేని కప్పు చుట్టూ తిరిగి తిరిగి పడిపోతాయి."

నానమ్మ ఆ పళ్ళేన్ని మళ్ళీ అతని ముందుకి జరిపింది.

ఆ వారమే లైబ్రరీలో పాతకాలపు ఫొటోలు పెట్టారు. విమానంలోంచి తీసిన హెల్లర్‌బీ అట. రానంటే రానన్న తాతని నానమ్మ కోటు పట్టి లాక్కెళ్ళింది. ఊరంతా అక్కడే వంగి ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కుంటోంది. కర్మాగారం, పొగగొట్టాలు, దువ్వెనతో దువ్వినట్టు పట్టాలు, అన్నీ మసి మసిగా ఉన్నాయి. నానమ్మ తన వీధి తలుపు కోసం వెతుకుతూ ఉన్నట్టుండి కేకేసింది.

"ఓయ్ ముసలాడా! నీ పైజమా!"

షెడ్డు వెనక, ఆ నలుపంతటి మధ్య, తెల్లటి చారలు మెరుస్తున్నాయి. అంచున సంవత్సరం రాసుంది: 1949. షెడ్డు మూతపడింది 1964లో. జనం చప్పట్లు కొడుతుంటే తాత టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

మర్నాడు లింటన్ వచ్చి ఫొటోని భూతద్దంతో చూశాడు.

"గూడే, కాదనలేను. మాట మీద నిలబడతాం, ఇది ఉంటుంది. కానీ యుద్ధం తర్వాతి కొరత రోజుల్లో ఎవరికీ రంగు దొరికేది కాదే? మీకెక్కడిది?"

"రైల్వే ఇచ్చింది."

"ఇచ్చినట్టు రైల్వేకి తెలుసా?"

"ఇప్పుడు తెలిసిందిగా."

లింటన్ పగలబడి నవ్వాడు. గోదాము గోడ గూడు దాకా వచ్చి, వంక తిరిగి, దాన్ని చుట్టి వెళ్ళింది. గోదాములు లేచాక ఓ శనివారం ఫ్రాన్సు నుంచి వచ్చిన పక్షులు కొత్త రేకుల కప్పుల్ని కన్నెత్తి చూడకుండా నేరుగా చారల మీదే దిగాయి. తాత ఎంత గట్టిగా కేక పెట్టాడంటే, దిగినవి సగం మళ్ళీ ఎగిరిపోయాయి.

ఇదంతా చదివి వినిపిస్తే తాత మొదటి వాక్యం దగ్గరే ఆపాడు.

"సముద్రం ఎందుకే మధ్యలో? దాన్ని చూసి ఏ పావురం ఇంటికొచ్చింది? కొట్టెయ్. కొట్టేశాక ఆ కలం అవతల పెట్టి, పార తీసుకుపోయి గూడు శుభ్రం చెయ్."