అక్క పెరట్లో తవ్వుతామన్న బావి

ఇది చిన్న ప్రయాణం. గోపాలపట్నంలో పొద్దున్నే బయలుదేరి చీకటి పడేలోగా ఇల్లు చేరాను. అయినా రాసి పెడుతున్నాను. మొన్నటిదాకా పంచాయతీలుగా ఉండి ఇప్పుడు నగరంలో కలిసిన ఊళ్ళు విశాఖ చుట్టూ చాలా ఉన్నాయి. మా అక్కని అడిగినట్టే రేపు అక్కడ ఇంకొకరిని అడుగుతారు. వాళ్ళు ఒక్క మాటకి అర్థం తెలుసుకుని జవాబు చెబితే చాలు. ఊరి పేరు మాత్రం రాయను. అక్క అక్కడే బతకాలి.

అక్క పేరు అప్పలనర్సమ్మ. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, మా పెరట్లో బావి తవ్వుతారట. జాగా ఇత్తానో లేదో రేపు సెప్పాల. నాను ఇచ్చీద్దారనుకుంతన్నాను" అంది. వేసవి వస్తే వాళ్ళ బోరు ఎండిపోతుంది. రోడ్డు మీది కుళాయి దాకా నడిచి బిందెలు మోసుకొస్తుంది. ఆవిడకి బావి మీద ఎంత ఆశో నాకు తెలుసు. కానీ అడగకుండా ఇంటికొచ్చి బావి తవ్వేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? బావి పేరు చెప్పి జాగా కొట్టేస్తారని నా అనుమానం.

మద్దిలపాలెంలో ఇడ్లీ తిని ఏడింటికి తగరపువలస బస్సెక్కాను. వెళ్ళేవాళ్ళు చిల్లర ఉంచుకోండి, కండక్టరు విసుక్కుంటాడు. పక్క సీట్లో పైడమ్మ అనే ఆవిడ చేపల తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. "వాసనేత్తందా బాబూ? ఊపిరి బిగబట్టుకో, మధురవాడలో దిగిపోతాను" అంది. నా చేతిలో గ్రంథాలయం పుస్తకం చూసి దేని గురించని అడిగింది. నీళ్ళు, బావులు, మురుగు కాలవల గురించి అన్నాను. "ఓలమ్మా, మురుక్కి కూడా సదువుందేటి! మా ఈధికొత్తే పుస్తకం లేకుండానే సూపించీదాన్ని" అని బస్సంతా వినబడేలా నవ్వింది.

ఆనందపురంలో దిగి షేర్ ఆటో ఎక్కాను. అక్కడి నుంచి అన్నీ జీడితోటలే. ఒక ఇంట్లో కేకేస్తే ఇంకో ఇంటికి వినబడదు. మిట్ట మీద మాత్రం ఎత్తైన ప్రహరీ, దాని లోపల ఒకే రంగు ఇళ్ళు బారులు తీరి ఉన్నాయి. రోడ్డు పక్కన నల్లటి లావు పైపులు పేర్చారు.

"డ్రైనేజీకట గురూ. మా ఇళ్ళకి కూడా ఎట్టేత్తారట" అన్నాడు ఆటో నడిపే నూకరాజు.

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంతన్నారు" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు.

అక్క పెరట్లో సున్నంతో గీసిన పెద్ద వృత్తం ఉంది. దాని మధ్య పసుపు, కుంకుమ, రెండు కొబ్బరి చెక్కలు. "గంగమ్మకి కొట్టేన్రా, తియ్యటి నీళ్ళు పడాలని" అంది అక్క. మా బావ సింహాచలం వెనక నుంచి "మీ అక్క అప్పుడే సేద కూడా కొనీసింది" అని వెక్కిరించాడు.

"ఇక్కడ నీళ్ళున్నాయని ఎవులు సూసేరే?" అని అడిగాను.

"నీళ్ళా? ఎవులూ సూళ్ళేదు. మూడుకాళ్ళ యంత్రమెట్టి, కన్ను మూసుకుని అందులోంచి సూసేరు."

అప్పుడు నా అనుమానం దారి మారింది. ఆ యంత్రం ఎత్తుపల్లాలు చూస్తుంది తప్ప నీళ్ళు చూడదు. మురుగు వాలుని బట్టే పారుతుందనీ, అన్నిటికంటే పల్లంలో గొయ్యి తవ్వి, అక్కడ చేరిన మురుగుని మోటారుతో ఎత్తిపోస్తారనీ నా పుస్తకంలో ఉంది.

పదకొండింటికి ఇంజనీరు బైకు మీద వచ్చాడు. పని చేయిస్తున్న కంపెనీ మనిషి, మర్యాదస్తుడు. కొబ్బరి చెక్కలు చూశాడు, వాటిని తొక్కకుండా పక్కగా నిలబడ్డాడు. "ఏమ్మా, వెల్లుకి స్థలం ఇస్తున్నట్టేనా?" అన్నాడు.

"ఆ వెల్లులో ఏం పడుతుంది?" అన్నాను.

"మురుగండీ. కలెక్షన్ వెల్లు. ఇక్కణ్ణించి మోటారుతో తోడేస్తాం."

దాచలేదు. ఇన్నాళ్ళూ అతను వెల్లు అన్నాడు, వీళ్ళు బావి అనుకున్నారు. వీళ్ళు అడగలేదు, అతను విప్పి చెప్పలేదు. తెలిసే ఊరుకున్నాడా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

అక్క మొహం మాడిపోయింది. అతని వైపు తిరిగి "మా ఇంటిది కూడా కలుపుతారా?" అంది.

"ఇళ్ళు దూరం దూరంగా ఉన్నాయి కదమ్మా, ఒక్కో ఇంటికీ లైను లాగలేం. ఇప్పటికి మిట్ట మీది లేఅవుటుకే."

"అయితే గొయ్యి కూడా మిట్ట మీదే తవ్వుకోండి."

"మురుగు పైకెక్కదమ్మా. నీరు పల్లమెరుగు అన్నారు కదా. మీ పెరడే పల్లం."

"సామెత సగమే సెప్పేవు బాబూ" అంది అక్క. "నిజం దేవుడెరుగు అన్న ముక్క మింగీసేవు. మా ఇంటిది అక్కర్లేదుట, ఆలందరిదీ తెచ్చి మా పెరట్లో ఎడతారట! నాను జాగా ఇవ్వను."

"మజ్జిగ తాగెల్లు బాబూ, ఎండగా ఉంది" అన్నాడు బావ. ఇంజనీరు తాగాడు. పైవాళ్ళకి చెబుతానన్నాడు. వెళ్ళే ముందు కంచె మీంచి పక్క పెరడు వైపు చూశాడు. ఆ పెరడు వాళ్ళు ఊళ్ళో ఉండరు.

గంగమ్మకి కొట్టిన కాయ వృథా కాకూడదని అక్క ఆ చెక్కలు కడిగి పచ్చడి నూరింది. మధ్యాహ్నం అన్నంలోకి అదే.

మూడింటికి తిరుగు ప్రయాణం. మధురవాడ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ, రోడ్డు పక్కన పైపులు కనబడ్డ ప్రతిచోటా అవి ఏ వైపు వాలుతాయా అని ఆలోచించాను. మురుగు లైను రావడం చెడ్డ పనేమీ కాదు. కానీ మీ ఊరికి వస్తోందంటే, మీ ఇంటి నుంచి ఎత్తుకెళ్ళడానికో, మీ ఇంటికి తెచ్చి పోయడానికో ముందు అడగండి.

ప్రయాణంలో నవ్వించిన పైడమ్మకి, తిరిగి వెళ్ళేటప్పుడు కూడా ఆటో తెచ్చిన నూకరాజుకి, గడువు దాటినా పుస్తకం నా దగ్గర ఉంచనిచ్చిన గ్రంథాలయం సత్యవతి గారికి, మజ్జిగతో మాట పెరగకుండా చూసిన సింహాచలం బావకి నా కృతజ్ఞతలు. ఇంజనీరు తన పేరు చెప్పలేదు. అడిగినదానికి అబద్ధం ఆడలేదు గనక అతనికీ. అందరికంటే ఎక్కువగా మా అప్పలనర్సమ్మ అక్కకి. నేను ఆటో ఎక్కే వేళకి ఆవిడ రోడ్డు మీది కుళాయి దగ్గర, ఖాళీ బిందెతో వరసలో నిలబడి ఉంది.