నేను కలిపిన మూడక్షరాలు

మొన్న ఆదివారం మా కోడలు తన ఫోను నా చేతిలో పెట్టి, మామయ్యా, మీరు మాట్లాడండి చాలు, అదే రాసుకుంటుంది అని చెప్పింది. పింఛను ఆఫీసుకు పంపాల్సిన అర్జీ ఒకటి ఉంది, చేతులు వణకడం మొదలయ్యాక నా రాత నాకే అర్థం కావడం లేదు. సరే చూద్దామని గొంతు సవరించుకుని, నేను వాడుతున్న మందులు అన్నానో లేదో, ఆ అక్షరాలు ఫోను అద్దం మీద వరసగా వచ్చి నిలబడ్డాయి. మందులు అంటే మందులు అనే రాసింది, ఏ మందులో తనే తేల్చేసి ముందొక మాట తగిలించలేదు. కోడలు నా మెప్పు కోసం ముఖంలోకి చూస్తోంది. నేను ఫోను తిరిగి ఇచ్చేసి వసారాలోకి వచ్చి కూర్చున్నాను.

నా తోటివాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, పోలీసు స్టేషన్లో రైటరంటే కథలు రాసేవాడు కాదు, ఫిర్యాదులూ వాంగ్మూలాలూ డైరీలూ రాసే హెడ్ కానిస్టేబులు. తొంభైల చివర్లో ప్రత్తిపాడు దగ్గర ఒక స్టేషన్లో నాది ఆ ఉద్యోగం. లాఠీ ఎక్కడ పెట్టానో వెతుక్కోవాల్సి వచ్చేది గానీ కలం మాత్రం జేబులోంచి కదిలేది కాదు. నా చేతిరాత చూసి మేజిస్ట్రేటుగారి గుమాస్తా కూడా మెచ్చుకున్నాడని పదిమందికీ చెప్పుకుని తిరిగినవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే రాత బాగుంటే రాసిందంతా నిజమని అందరూ నమ్మేవాళ్ళు, అందరికంటే ముందు నేనే నమ్మేవాణ్ణి.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. నల్లరేగడి చేలల్లో పొద్దస్తమానం పంపుల మోతే, గాలి ఎటు వీస్తే అటు మందు వాసన. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు, ఆ డబ్బాల్లోదే తాగి రైతులు చచ్చిపోయారు. వారానికి రెండు మూడు సార్లు గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళి, కొన ఊపిరితో ఉన్న మనిషి పక్కన స్టూలు వేసుకుని వాంగ్మూలం రాసుకోవడం నా పని. ఫలానా పొలం, ఫలానా బాధ, పురుగుమందు తాగాను, చదివి వినిపించగా విని సరియైనదని ఒప్పుకుని వేలిముద్ర వేయడమైనది. మనిషి నోరు తెరిచేసరికి సగం కాయితం నిండిపోయేంతగా చెయ్యి అలవాటు పడింది.

మన భాషలో మందు అనే మాట ఎంత ప్రమాదమో అప్పటిదాకా నాకు తట్టలేదు. జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో కొట్టేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే. ఊళ్ళో వాళ్ళకు ఏదేమిటో సందర్భాన్ని బట్టి తెలుస్తుంది, కాయితానికి తెలియదు.

ఒకనాటి పొద్దున్న ఆసుపత్రి నుంచి కబురొస్తే వెళ్ళాను. ముప్పై ఐదేళ్ళ రైతు, ముందురోజు మధ్యాహ్నం దాకా వీపున ట్యాంకు కట్టుకుని పత్తిచేలో మందు కొట్టి ఇంటికొచ్చాక వాంతులు, ఆ పైన ఫిట్సు. పొట్టలోకి గొట్టం వేసి కడిగారు. నేను వెళ్ళేసరికి కాస్త తెలివి వచ్చింది, నర్సు పక్కనే ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది. "కడుపులో తిప్పుతుందంటే మా ఇంటిది మందు పోసిచ్చిందండి. తాగా. ఆ తర్వాత నాకేం తెలవలా" అన్నాడు. నేను మందు అనే మాటకు ముందు పురుగు అని మూడక్షరాలు చేర్చాను. కుట్రతో కాదు, పగతో కాదు, అప్పటికి వందసార్లు రాసిన చెయ్యి నూటొకటోసారి కూడా అదే రాసింది. చదివి వినిపించలేదు, వినిపించానని రాసి వేలిముద్ర వేయించుకున్నాను. మేజిస్ట్రేటుగారు వచ్చేసరికి అతనికి మళ్ళీ స్పృహ తప్పింది, మధ్యాహ్నానికి పోయాడు. ఆ మనిషి చివరి మాటలుగా లోకంలో మిగిలింది నేను రాసిన ఆ కాయితమే.

అద్దంకి నుంచి అతని అక్క గుండెలు బాదుకుంటూ వచ్చి, "మా తమ్ముణ్ణి అదే చంపిందయ్యా, ముందురోజు కూడా దెబ్బలాడింది" అని స్టేషన్ ముందు కూలబడింది. దెబ్బలాట నిజమే, వీధంతా విన్నది. ట్యాంకు కారుతోంది, బాగు చేయించే దాకా ఎత్తొద్దని పెళ్ళాం అరిచిందనీ, పంట పోతుంటే చూస్తూ కూర్చోమంటావా అని మొగుడు తిరిగి అరిచాడనీ మాకు చాలా తర్వాత తెలిసింది. అప్పటికి మాకు కావాల్సిందల్లా దెబ్బలాట జరిగిందన్న ముక్క. హత్యానేరం కింద ఆమెను జైలుకు పంపారు. జీపు ఎక్కేటప్పుడు ఆమె ఏడవలేదు, చేలో కూలీలకు ఎవరు చెప్తారని మాత్రం అడిగింది.

శవపరీక్షలో తీసిన కాలేయం, పొట్ట ముక్కలు ఉప్పునీళ్ళ సీసాల్లో, ఆసుపత్రిలో మొదటిసారి కడిగిన నీళ్ళు ఇంకో సీసాలో, ఆ ఇంట్లో దొరికిన అరుగుదల టానిక్కు సీసా వేరుగా, అన్నిటికీ లక్క సీళ్ళు వేసి గుంటూరు ల్యాబుకు పట్టుకెళ్ళింది నేనే. ఒళ్ళో పెట్టె పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్కవాడు మామిడిపళ్ళా అని అడిగాడు. ల్యాబులో విషాలు పరీక్షించే సైంటిస్టు మేడమ్, సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి, సీళ్ళన్నీ ఒక్కొక్కటే నమూనాతో సరిపోల్చుకున్నాక గానీ నన్ను పంపలేదు.

రెండు వారాలకు ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఒంటి మీదున్న బట్టలు పంపమని. నా ప్రాణం ఎగిరిపోయింది. ఆసుపత్రిలో విప్పేసిన చొక్కా ప్లాస్టిక్ సంచిలో ఇస్తే, కంపు భరించలేక స్టేషన్ వెనక సైకిళ్ళ పాకలో పడేసి మరిచిపోయాను. ఊడ్చే ఆమె పారేసి ఉంటుందేమోనని పాకంతా వెతికాను. అదృష్టం, మూలనే ఉంది. తీసుకెళితే, తడి బట్ట నీడన ఆరబెట్టకుండా ప్లాస్టిక్ సంచిలో కుక్కుతారా అని మేడమ్ నాలుగు చివాట్లు పెట్టింది. తర్వాత నేను రాసిన వాంగ్మూలం ముందు పెట్టుకుని, "రైటరుగారూ, ఆయన పురుగుమందనే అన్నాడా, ఉత్త మందన్నాడా?" అని అడిగింది. కడిగిన నీళ్ళలో పురుగుమందు ఆనవాలే లేదట.

పురుగుమందనే అన్నాడు మేడమ్ అని చెప్పాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, వచ్చేసింది. తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఉద్యోగం పోతుందా, పోతే పిల్లల చదువులేమిటి అని ఆలోచించాను. జైల్లో ఉన్న ఆమె సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ వరస ఇవాళ్టికీ నన్ను బాధ పెడుతుంది.

అక్కడి నుంచి అన్నం సయించలేదు. స్టేషన్లో ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి, తపాలా వస్తే ల్యాబు ముద్ర ఉందేమోనని ముందు అదే చూసేవాణ్ణి. ఏం జరిగిందని మా ఇంటావిడ అడిగితే విసుక్కున్నాను. కడుపులో మంటగా ఉందని మాత్రం చెప్పాను. ఓ పొద్దున డ్యూటీకి తయారవుతుంటే ఆవిడ వంటింట్లోంచి, "మందు పోసి పెట్టా, తాగి వెళ్ళండి" అని కేకేసింది. బల్ల మీద చిన్న గ్లాసులో తెల్లటి గ్యాసుమందు. నేను ఆ గ్లాసు వంక చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఆ క్షణాన నాకు ఫిట్సు వచ్చి పడిపోయి ఉంటే, నాలాంటి రైటరు ఒకడు వచ్చి మా ఆవిణ్ణి జైలుకు పంపి ఉండేవాడు.

ఆ వారమే సర్కారు వకీలుగారు మా సీఐగారిని వెంటబెట్టుకుని ల్యాబుకు వెళ్ళారు, ఫైలు మోయడానికి నేను. ఆ రోజుల్లో పోలీసూ వకీలూ సైంటిస్టూ ఒక్కచోట కూర్చోవడం అరుదు, ఎవరి కాయితాలు వాళ్ళవి, అంతా తపాలాలోనే. వకీలుగారు రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి, "రాతలో పురుగుమందు తాగానన్నాడు, కడిగిన నీళ్ళలో చుక్క లేదు. ఏదో ఒకటి తప్పు సార్, దీంతో నేను కోర్టులో నిలబడలేను" అన్నారు. చచ్చేవాడు అబద్ధం చెప్తాడా అండీ అని మా సీఐగారు గట్టిగానే అన్నారు. మేడమ్ చొక్కా తీసి బల్ల మీద పరిచింది. వీపు మీద పెద్ద మరక. కాలేయంలో ఉన్న విషమే ఆ మరకలోనూ ఉంది, టానిక్కు సీసాలో లేదు. తాగలేదు, ఒంటి గుండా దిగింది అని ఆమె అభిప్రాయం. అయినా మనిషే తాగానని చెప్పాడని రాసి ఉన్నప్పుడు చొక్కా మాట ఎవరు వింటారని వకీలుగారి బెంగ.

"సార్, ఆ పురుగు నాది" అన్నాను గుమ్మం దగ్గర్నుంచి.

ముగ్గురూ నా వైపు తిరిగారు. మొత్తం చెప్పాను, చదివి వినిపించలేదని కూడా చెప్పాను. "ఏరా, నీకు మతుండే రాశావా?" అని సీఐగారు లేచారు. వకీలుగారు ఆయన్ని చేత్తో ఆపి, ఇది కాయితం మీద పెట్టగలవా అని అడిగారు. పెట్టాను. నా ఉద్యోగంలో నేను రాసిన కాయితాల్లో అక్షరాలు వంకరపోయింది అదొక్కటే. తర్వాత నర్సును కూడా అడిగారు, ఆమె విన్నదీ ఉత్త మందే. రైతు పెళ్ళాన్ని విడుదల చేశారు. నాకు మెమో వచ్చింది, రైటరు కుర్చీ పోయింది, స్టేషన్ గేటు దగ్గర కాపలా డ్యూటీ వేశారు. ఆ రాత్రి అన్నం తిన్నాను.

అప్పటికే రెండు నెలలు దాటింది. ఆమె చేలో పత్తి పగిలి, తీసే దిక్కులేక వానకు తడిసి నల్లబడిపోయింది. ఓ సాయంత్రం గేటు దగ్గరికి ఆమె వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని తల దించుకున్నాను. "మీరే గదా రాసుకుంది. ఆయన ఏమేం అన్నాడో చెప్తారా అండీ, నాకు ఎవురూ చెప్పలా" అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్తూ ఉండగా ఇంకో మాట జ్ఞాపకం వచ్చింది, అతను అన్నదే, కేసుకు పనికిరాదని నేను రాయనిది. "మా ఇంటిది బయట కూర్చుంది, నిన్నటి నించీ ఏం తిన్లా, ఏదైనా తినమని చెప్పండయ్యా" అన్నాడు. వార్డు వరండాలో గోడకు చేరగిలపడి కూర్చున్న ఆమె ముందు నుంచే ఆ రోజు నేను ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాను.

"ఆ రోజే చెప్తే తినేదాన్ని గదయ్యా" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆసుపత్రి మంచం పక్కన కెమెరా పెడుతున్నారట, మాట మాటా రికార్డవుతుందట, ల్యాబు ఫలితం వకీలుకూ పోలీసుకూ ఒకేసారి కంప్యూటర్లో కనిపిస్తుందట. చాలా మంచిది. నాలాంటి చెయ్యి మధ్యలో లేకపోతే ఎంతమంది ఆడవాళ్ళు బతికిపోతారో. ఇప్పుడైతే అతని ఆ చివరి మాట కూడా ఎక్కడో భద్రంగా ఉండేది. దాన్ని వరండాలోకి మోసుకెళ్ళి చెప్పాల్సిన మనిషి మాత్రం ఆ రోజు నేనొక్కణ్ణే, నేను వెళ్ళలేదు.