గడ్డి మీద సన్మానం

తెనాలి పార్కులో ముప్పై ఏళ్లుగా తోటమాలి మహబూబ్ సుభాని నోట ఒకటే మాట: “గడ్డి తొక్కకండి బాబాయ్, బాట ఉంది కదండి.” ఎవరూ వినరు. తల కొట్టుకుని, మెళ్లోని విజిల్‌ను ఖాకీ చొక్కా అంచుతో తుడుచుకుని ఊదుతాడు. అతను రిటైరయ్యే రోజు పొద్దున, రోజూ అక్కడ నడిచేవాళ్లంతా కలిసి సన్మానం పెట్టారు. షామియానా, కుర్చీలు, వేదిక అన్నీ ఆ గడ్డి మీదే వేశారు. “ఈ గడ్డిని కన్నబిడ్డలా కాపాడాడు,” అని వాళ్లలో ఒకరైన వీరాస్వామి మాస్టారు ఆ గడ్డి మీదే నిలబడి పొగిడారు. పేరు పిలిచినా సుభాని బాట దిగలేదు.

“రావయ్యా సుభానీ, శాలువా కప్పాలి,” అన్నారు మాస్టారు.

“మీరే ఇటు రండి మాస్టారూ,” అన్నాడు సుభాని విసుగ్గా.

మాస్టారు శాలువా పట్టుకుని గడ్డి మీంచే అడ్డంగా బయల్దేరారు. సుభాని విజిల్ ఊదాడు.