నల్లడబ్బా తెరిచిన రోజు

ఆ రోజుల్లో కారును బాగా చూసుకోవడమంటే తుడుచుకోవడమే అనుకునేదాన్ని. పామిడిలో టీచరుగా ఉద్యోగం వచ్చిన కొత్తలో, రాప్తాడు దగ్గరి మా ఊరి నుంచి రోజూ పోయి రావడానికి పాత చిన్నకారు ఒకటి కొన్నాను. పొద్దున లేవగానే తడిగుడ్డతో అద్దాలూ తలుపులూ మెరిసేలా తుడిచేదాన్ని (బకెట్టుతో నీళ్లు పోస్తే అమ్మ ఊరుకునేది కాదు, ట్యాంకరు కోసం కాచుకునే ఊరు మాది). బానెట్ మాత్రం ఎత్తేదాన్ని కాదు. దాని కింద ఉన్నదంతా మెకానిక్కుల సొంత వ్యవహారమనీ, మనం తొంగిచూడడం మర్యాద కాదనీ నా నమ్మకం.

ఆ వేసవి చివర్లో మా ఇంట్లో రెండు తంటాలు వచ్చిపడ్డాయి. మొదటిది, వాన పడగానే విత్తడానికి నాయన కొట్టంలో దాచిన వేరుశనగ కాయలు తరిగిపోతున్నాయి. బయటివాళ్లెవరూ ఆ కొట్టంలోకి రారు కాబట్టి ఆయన అనుమానం అమ్మ మీదికి పోయింది. "విత్తనం కాయలు ఊరిబిండికి నూరినావా ఏమి?" అన్నాడు (రోట్లో నూరే పచ్చడిని మా వైపు ఊరిబిండి అంటారు). "నూరింటే నా చేతులు పడిపోనీ!" అని అమ్మ ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేసింది. అన్నం పెట్టాలన్నా, నీళ్లు అడగాలన్నా కబుర్లన్నీ నా ద్వారానే నడిచేవి. రెండోది, అదే కొట్టంలో నిలిపే నా కారుకు దమ్ము పోయింది. కాస్త ఎత్తు వస్తే చాలు, ఎక్కలేక ఈసురోమనేది, వెనక నల్లపొగ. ఒకరోజు హైవే మీద ట్రాక్టరొకటి నన్ను దాటిపోయింది. దాని మీద కూర్చున్న అవ్వ నా వైపు జాలిగా చూసింది.

ఫోనులో వీడియోలు చూసి, బానెట్ ఎత్తకుండా చేయగలిగినవన్నీ చేశాను. టైర్లలో గాలి కొట్టించాను, వైపర్ రబ్బర్లు మార్చాను, సీట్లకు కొత్త కవర్లు కూడా వేయించాను. పొగ తగ్గలేదు. చివరికి హైవే పక్కన షెడ్డు నడిపే స్పానరు మామను (ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరూ పలకరు) ఒక ఆదివారం ఇంటికి పిలిచాను. ఆయన కొట్టంలో కారు చుట్టూ తిరిగి చూస్తుంటే నాయన కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కొన్నప్పట్నుంచి బానెట్ ఎన్నితూర్లు ఎత్తినావు పాపా?"

"ఎత్తలేదు మామా."

"ఆయిలన్నా చూసినావా?"

"అది మీరు గదా చూసేది?"

మామ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా! ఇంగ పిల్లోల్లకేం చెప్తాండావు తల్లీ నువ్వు?" బానెట్ ఎత్తి, ఇంజనులోంచి ఒక సన్నని కడ్డీ లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీసి చూపించాడు. "ఆయిలు ఈ రెండు గీతల నడుమ ఉండల్ల. ఇంత సులభం." తర్వాత పక్కనున్న నల్లడబ్బా తట్టాడు. "ఇది ఇంజను ముక్కు. గాలి పీల్చేది దీంట్లోంచే." క్లిప్పులు విప్పి, లోపలున్న కాగితపు ఫిల్టరు పైకెత్తాడు. అది సగం కొరికేసి ఉంది. దాని కింద, ఊపిరాడనంతగా, వేరుశనగ కాయలు!

మేం నోరు తెరిచేలోపు వాటి మధ్య నుంచి పెద్ద ఎలుకొకటి మామ భుజం మీదుగా ఎగిరి దూకింది. ఎప్పుడు ఎక్కానో తెలియదు, నేను గోనెసంచుల మీద నిలబడి కేకలు పెడుతున్నాను. నాయన డబ్బాలోంచి ఒక కాయ తీసి తిప్పి చూశాడు. నా కేకలకు అమ్మ పరుగున వచ్చి, డబ్బాలోకి చూసి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నేరుగా ఆయనతోనే మాట్లాడింది.

"అడుగు. ఊరిబిండి ఎట్ల నూరిందో దాన్నే అడుగు."

నాయన వంగి కాయలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. గుప్పెడు నిండాక, తలెత్తకుండానే, "తప్పయిపాయ" అన్నాడు. ఎలుకను చూసినప్పటి కంటే ఎక్కువగా అదిరిపోయాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట విన్నది అదే మొదటిసారి. అమ్మేమో, "ఏమంటివి? నాకు ఇనపల్యా" అంది. పాపం, స్పానరు మామ ఎదుటే ఆయన ఇంకోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మామ మాత్రం ఏమీ విననట్టు ఆయిలు కడ్డీని తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు నా దగ్గర వేరే కారు ఉంది. నెలకోసారి ఆయిలు చూసుకుంటాను, ఫిల్టరు తీసి దుమ్ము దులుపుతాను. "కారంటే టీచరమ్మకు ఎంత శ్రద్ధో!" అంటారు పక్కింటివాళ్లు. శ్రద్ధ కాదు, భయమని వాళ్లకు చెప్పను. క్లిప్పులు విప్పేముందు మూత మీద రెండుసార్లు తట్టి, ఒకడుగు వెనక్కి వేస్తాను. ఎప్పుడు చూసినా లోపల దుమ్మే. ఏమీ తెలియకపోయినా ధీమాగా పొగలు చిమ్ముకుంటూ పామిడికి పోయిన ఆ పిల్ల గుర్తొస్తుంది. దాన్ని మందలించాలో ముద్దు చేయాలో తెలియక, నవ్వుకుంటూ మూత పెట్టేస్తాను.